రేకుల షెడ్డు పక్కన కరెంటు: ఎర్తింగ్, బాండింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో తొలకరి జల్లు పడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. జీడిమెట్లలో చిన్న వర్క్‌షాపు, మిద్దె మీద రేకుల గది, శివారులో పశువుల కొట్టం... చోటు మారుతుంది గానీ మాట మారదు: "షెడ్డు కాలు ముట్టుకుంటే జివ్వుమంటోంది." ఏటా అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి అన్నిటినీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఆయన ఏం చేస్తున్నారో మీకు అర్థం కావాలన్నదే నా తాపత్రయం.

## పని మొదలుపెట్టే ముందు

ఎర్తింగ్ అన్నా బాండింగ్ అన్నా ఒకటే కదా?

కాదు. మోటారు ఒంటికో సాకెట్ డబ్బాకో ఫేజు (కరెంటును మోసుకొచ్చే తీగ) తగిలినప్పుడు ఆ కరెంటు నేలలోకి పోవడానికి మనం వేసే దారి ఎర్తింగ్. ఒకేసారి రెండు చేతులకూ అందే లోహాలన్నిటినీ తీగతో ఒకదానికొకటి ముడివేయడం బాండింగ్. షాక్ కొట్టేది వోల్టేజి తేడా. ఒక చెయ్యి గ్రైండర్ మీద, మరో చెయ్యి షెడ్డు స్తంభం మీద ఉన్నప్పుడు ఆ రెండింటి మధ్య తేడా లేకుండా చూసేది బాండింగే. కరెంటు తీగ మీద వాలిన పిట్టకు ఏమీ కాకపోవడం కూడా ఇందుకే: దాని రెండు కాళ్లూ ఒకే వోల్టేజిలో ఉంటాయి.

షెడ్డులోకి కరెంటు వెళ్లడం లేదు. పక్కన స్తంభానికి ఒక సాకెట్ మాత్రమే ఉంది. షెడ్డును ఎందుకు కలపాలి?

చేతులు చాచి చూడండి. సాకెట్ డబ్బాను గానీ, దానికి తగిలించే పనిముట్టును గానీ పట్టుకున్న మనిషికి షెడ్డు కూడా అందుతుందా? సుమారు రెండున్నర మీటర్ల లోపు ఉంటే అందుతుందనే లెక్క. అలాంటప్పుడు కలపాలి. షెడ్డు దూరంగా ఉండి, దాని మీదుగా ఒక్క తీగ కూడా పోకపోతే అవసరం లేదు. అయితే ఇవాళ లేని తీగ రేపు వస్తుంది. దీపావళికి సీరియల్ బల్బులు రేకు అంచుకే కడతారు. సాకెట్ నుంచి తీసిన ఎక్స్‌టెన్షన్ వైరు షెడ్డు గడప దాటి లోపలికి వెళ్తుంది. అలా జరిగే అవకాశం ఉన్న ప్రతిచోటా ముందే కలిపి పెట్టమని చెబుతాను.

ఎర్త్ గుంత బాగుంటే చాలు, షార్ట్ అయినప్పుడు ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి) పడిపోతుంది కదా?

పడదు. ఈ పేజీలో మీరు ఒక్క జవాబే చదవాలనుకుంటే ఇది చదవండి.

లెక్క చూద్దాం. 40 మి.మీ. వ్యాసం, 2.5 మీటర్ల పొడవు ఉన్న జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపును ఓ మోస్తరు మంచి నేలలో పాతితే, అంటే నేల నిరోధకత 100 ఓమ్-మీటర్లు అనుకుంటే, దాని నిరోధం దాదాపు 35 ఓమ్‌లు వస్తుంది. షెడ్డుకు ఫేజు తగిలింది. 230 వోల్టులను 35తో భాగిస్తే పారేది 6.6 ఆంపియర్లు. మీ బోర్డులో ఉన్నది 16 ఆంపియర్ల సి-రకం ఎంసీబీ. అది వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. 6.6 ఆంపియర్లంటే దానికి ఒక గీజరు కన్నా తక్కువ భారం, ఎన్ని రోజులైనా మోస్తుంది. ఆ రోజులన్నీ షెడ్డు ఒంటి మీద 200 వోల్టులకు పైగానే నిలిచి ఉంటుంది. మీటరు మాత్రం గిర్రున తిరుగుతుంది.

160 ఆంపియర్లు పారాలంటే దారి మొత్తం నిరోధం 1.4 ఓమ్‌లకు మించకూడదు. మన రాతి నేలలో, ఒక్క పైపుతో అది కలలోని మాట. అందుకే ఇక్కడ ప్రాణం కాపాడేది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. 35 ఓమ్‌ల ఎర్త్ అయినా, ఎండకు ఎండి 100 ఓమ్‌లకు చేరినా, ఆ కొంచెం కరెంటు నేలలోకి జారగానే అది సరఫరాను తెంపేస్తుంది. ఎర్త్ గుంత మీద ఇరవై వేలు ఖర్చు పెట్టి ఆర్‌సీసీబీ దగ్గర వెనకాడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

షెడ్డు కాళ్లు ఎలాగూ భూమిలోనే ఉన్నాయి. మళ్లీ ఎర్త్ ఎందుకు?

కాళ్లు నేలలో ఉన్నంత మాత్రాన లోపలి మోటారు ఒంటికి దారి దొరకదు. పైగా చాలా షెడ్లలో కాలు నేలలోకి దిగదు; కాంక్రీటు దిమ్మె మీద ప్లేటు పెట్టి బోల్టులతో బిగిస్తారు. వానాకాలంలో ఆ దిమ్మె తడిసి కొంత కరెంటును నేలలోకి వదులుతుంది, ఏప్రిల్‌లో ఎండిపోయి వదలదు. అలా ఋతువుతో పాటు మారిపోయేదాన్ని ఎర్త్ అనుకోవడానికి లేదు. మీటరు దగ్గరి ఎర్త్ పట్టీ నుంచి వచ్చిన పచ్చ తీగ షెడ్డు ఫ్రేముకు చేరాల్సిందే.

కరెంటు వాళ్లే ఎర్త్ ఇవ్వరా?

స్తంభం నుంచి ఇంటికి వచ్చే మామూలు సింగిల్ ఫేజు సర్వీసు వైరులో ఫేజు, న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) రెండే ఉంటాయి. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలుపుతారు. కాబట్టి మామూలుగా మన ఆవరణలో ఎర్త్‌ను మనమే ఏర్పాటు చేసుకోవాల్సి వస్తుంది. పెద్ద అపార్టుమెంట్లలో సొంత ప్యానెల్ ఉండి అక్కడి నుంచి ఎర్త్ పట్టీ పైదాకా వస్తుంది. మీ భవనంలో ఏది ఉందో ప్యానెల్ గది తలుపు తీయించి కళ్లారా చూడండి.

న్యూట్రల్‌నే షెడ్డుకు కలిపేస్తే ఖర్చు తప్పుతుంది అంటున్నారు. చేయవచ్చా?

వద్దు. ఎవరు చెప్పినా వద్దు.

గాలివానకు చెట్టు కొమ్మ విరిగి స్తంభం మీద న్యూట్రల్ తీగ తెగిందనుకోండి. మన నగరంలో మే, జూన్ నెలల్లో ఇది అరుదైన సంగతి కాదు. అప్పుడు మీ ఇంట్లో వెలుగుతున్న బల్బు గుండా, తిరుగుతున్న ఫ్యాను గుండా వచ్చిన కరెంటుకు తిరిగి పోయే దారి ఉండదు. న్యూట్రల్‌కు కలిపిన షెడ్డు మొత్తం ఆ వోల్టేజిని ఒంటబట్టించుకుని నిలబడుతుంది. ఏ యంత్రమూ చెడిపోలేదు, ఏ తీగా షార్ట్ కాలేదు, అయినా తడి నేల మీద నిలబడి తలుపు తీసినవాడికి షాక్ తగులుతుంది. స్తంభం నుంచి వచ్చే మీ న్యూట్రల్, మీ ఎర్త్ మీ ఆవరణలో ఎక్కడా కలవకూడదు.

## గుంత తవ్వేటప్పుడు

మూడు అడుగులకే బండ తగిలింది. ఇప్పుడేం చేయాలి?

హైదరాబాద్ కూర్చున్నదే గ్రానైటు మీద. పైన ఎర్రమన్ను, కింద మొరం, ఆ కింద రాయి. మూడు అడుగులకు బండ తగిలిందని పైపును సగానికి కోసి పాతేసి పైన సిమెంటు చాంబరు కట్టేసిన గుంతలు నేను చాలానే తవ్వి చూశాను. పైకి అంతా పద్ధతిగా కనిపిస్తుంది, మూత తీస్తే మోచేతి పొడవు పైపు.

మూడు దారులున్నాయి. మొదటిది, లోతుకు బదులు అడ్డంగా వెళ్లడం: అర మీటరుకు తగ్గని లోతులో కాలువ తీసి, జీఐ పట్టీని పది పదిహేను మీటర్లు పరచి, మెత్తటి మన్నుతో కప్పడం. స్థలం ఉన్నవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. రెండవది, రెండు మూడు పొట్టి రాడ్లను విడివిడిగా దిగ్గొట్టి కలపడం. వాటి మధ్య ఎడం ఒక్కో రాడ్డు పొడవుకు రెండింతలైనా ఉండాలి, లేకపోతే ఒకదాని మన్నును మరొకటి పంచుకుని లాభం తగ్గిపోతుంది. మూడవది, బోరు మిషనుతో సన్నని రంధ్రం వేయించి, రాడ్డు దించి, చుట్టూ బెంటొనైట్ (తేమను పట్టి ఉంచే బంకమన్ను పొడి) నింపడం. ఖర్చు ఎక్కువే. నాలుగు వైపులా గోడలున్న చిన్న ప్లాట్లలో వేరే దారి ఉండదు.

ఉప్పు, బొగ్గు ఎన్ని బస్తాలు వేయాలి?

ఉప్పు తేమను పట్టి ఉంచి నిరోధాన్ని తగ్గిస్తుంది, నిజమే. అదే ఉప్పు జీఐ పైపును కొరికేస్తుంది, నాలుగు వానలకు కొట్టుకుపోతుంది. కొత్తగా వేసేవాళ్లకు బెంటొనైట్ లేదా తయారుగా దొరికే ఎర్తింగ్ మిశ్రమం మేలని చెబుతాను. పాత ఉప్పు, బొగ్గు గుంతే ఉంటే ఎండాకాలంలో వారానికి ఒకసారి నీళ్లు పోయండి. కొన్నేళ్లకు ఒకసారి పైపు పైభాగం తవ్వి, తుప్పు ఎంత తిన్నదో చూడండి.

ప్లేటు మంచిదా, పైపు మంచిదా?

లోతు దొరికితే పైపు. ప్లేటు పై అంచు కనీసం ఒకటిన్నర మీటర్ల లోతులో ఉండాలి, మన నేలలో అంత వెడల్పు గుంత తవ్వడం కష్టం. రెండింటికీ కొలతలు మన ఎర్తింగ్ ప్రమాణం ఐఎస్ 3043లో ఉన్నాయి. గుంతను గోడ నుంచి ఒకటిన్నర మీటర్లు జరిపి తవ్వండి.

బోరు కేసింగ్ పైపుకు ఎర్త్ కడితే సరిపోదా?

ఈ రోజుల్లో కేసింగ్ చాలాచోట్ల ప్లాస్టిక్. ఇనుముదైనా అది రాయి తగిలే దాకానే దిగుతుంది. పైగా ఆ బోరులోనే మోటారు వేలాడుతోంది, దాని ఇన్సులేషన్ పోతే ముందు కరెంటెక్కేది ఆ కేసింగే. ఇనుప కేసింగ్‌ను బాండింగ్‌లో కలపండి, దాన్నే ఎర్త్‌గా నమ్ముకోకండి. నల్లా పైపు సంగతీ అంతే. మధ్యలో ఎక్కడో ప్లాస్టిక్ ముక్క వేసి అతికిన రోజున మీ ఎర్త్ మీకు తెలియకుండానే పోతుంది.

ఇంటికి ఒక ఎర్త్, షెడ్డుకు ఒక ఎర్త్ ఉన్నాయి. రెండూ కలపాలా, విడిగా ఉంచాలా?

షెడ్డుకు ఇంటి నుంచి కరెంటుతో పాటు పచ్చ తీగ కూడా వస్తుంటే కలపండి. విడిగా ఉంచి, ఇంటి ఎర్త్ తగిలిన పనిముట్టును షెడ్డు ఎర్త్ తగిలిన స్తంభం పక్కన వాడితే, ఒకవైపు తప్పు జరిగినప్పుడు రెండింటి మధ్య వోల్టేజి తేడా పుడుతుంది. మనిషి నిలబడేది సరిగ్గా ఆ తేడా మధ్యలోనే.

## తీగలు కలిపేటప్పుడు

ఇంట్లో షార్ట్ అయితే ఆ కరెంటు ఎర్త్ తీగ పట్టుకుని షెడ్డుకు వచ్చేస్తుంది కదా?

మంచి ప్రశ్న. అడిగేవాళ్లు తక్కువ. అవును, వస్తుంది. ఇంట్లో గీజరు ఒంటికి ఫేజు తగిలితే, ఎర్త్ తీగతో కలిసిన ప్రతి లోహమూ ఆ క్షణాన వోల్టేజిలోకి వెళ్తుంది, షెడ్డుతో సహా. షెడ్డు లోపల అన్నీ ముడిపడి ఉంటాయి కాబట్టి పెద్దగా తేడా తెలియదు. బయట తడి మట్టిలో చెప్పుల్లేకుండా నిలబడి షెడ్డును ముట్టుకున్నవాళ్లకు తెలుస్తుంది. అందుకే షెడ్డు లైనుకు మాత్రమే ఆర్‌సీసీబీ పెడితే చాలదు, ఇంటి లైన్లన్నిటికీ ఉండాలి. ఇంట్లో ఆర్‌సీసీబీ లేకుండా ఇంటి ఎర్త్‌ను షెడ్డుకు లాగడమంటే ఇంట్లోని ప్రమాదాన్ని పెరట్లోకి తెచ్చుకోవడమే.

బాండింగ్ తీగ ఎంత మందం ఉండాలి?

రాగిదైతే 6 చదరపు మి.మీ.కి తగ్గకుండా, పచ్చ రంగు తొడుగుతో. ఎండకూ పారకూ గురయ్యే చోట 25×3 మి.మీ. జీఐ పట్టీ వాడితే దెబ్బలకు తట్టుకుంటుంది.

తీగను రేకుకు బిగించారు. సరిపోతుందా?

చాలదు. రేకును యాంగ్లరుకు బిగించే జె-బోల్టు కింద నీరు కారకుండా తారు వాషరో రబ్బరు వాషరో ఉంటుంది. రంగు రేకులైతే రంగే ఒక పొర. ఒక రేకు నుంచి పక్క రేకుకు కరెంటు దారి ఉంటుందన్న భరోసా లేదు. బాండింగ్‌ను ఎప్పుడూ ఫ్రేముకే ఇవ్వాలి: కాలు దగ్గర రంగు గీకి, రంధ్రం చేసి, తగరం పూసిన లగ్గుతో (తీగ చివర తొడిగే లోహపు ముక్క) బోల్టు బిగించి, పైన మళ్లీ రంగు వేయాలి. రాగి తీగను నేరుగా జీఐ మీద చుట్టి వదిలేస్తే తడికి ఆ రెండు లోహాల మధ్య తుప్పు పుడుతుంది, రెండేళ్లలో అతుకు పొడిపొడి అవుతుంది. వెల్డింగ్ చేసిన ఫ్రేము ఒకే ముక్క కింద లెక్క. బోల్టులతో బిగించిందైతే అతుకుల దగ్గర రెండు వైపులనూ కలిపే చిన్న జంపర్ తీగలు వేయండి. ఇనుప తలుపు కీలును నమ్మకండి, దానికీ మెత్తటి అల్లిక తీగతో ఒక జంపర్ పెట్టండి.

ఇంటి నుంచి షెడ్డు నలభై మీటర్లు. ఏ కేబుల్ వేయాలి?

భూమిలో అయితే ఆర్మర్డ్ (లోహపు కవచం ఉన్న) కేబుల్, 75 సెం.మీ. లోతున, కింద మీద ఇసుక, పైన ఇటుక వరుస. కవచాన్ని రెండు చివరలా గ్లాండుతో (కేబుల్‌ను డబ్బాకు బిగించే లోహపు బిగింపు) బిగించి ఎర్త్‌కు కలపాలి. లోపల ఎర్త్‌కు వేరే తీగ ఉండేలా మూడు తీగల కేబుల్ కొనండి. 2.5 చదరపు మి.మీ. రాగి తీగతో 16 ఆంపియర్లు లాగితే అంత దూరానికి సుమారు 9 వోల్టులు పడిపోతాయి, 4 చదరపు మి.మీ. అయితే 6 వోల్టులు. వెల్డింగ్ మిషను లాంటిది పెట్టేవాళ్లు ఇంకా పెద్దది వేసుకోవాలి. ప్రహరీ మీదుగా వైరును లాగి షెడ్డు రేకు అంచున మడతపెట్టి దించడం మాత్రం చేయకండి. గాలికి ఊగి ఊగి ఆ అంచే కత్తిలా తొడుగును కోస్తుంది. నేను చూసిన షెడ్డు షాకుల్లో ఎక్కువ భాగం మొదలైంది అక్కడే.

ట్రూప్ బజార్‌లో ఈఎల్‌సీబీ అడిగితే ఆర్‌సీసీబీ ఇచ్చారు. మోసపోయానా?

లేదు. వోల్టేజితో పనిచేసే పాత ఈఎల్‌సీబీల కాలం పోయింది. పేరు మాత్రం వాడుకలో మిగిలింది. పెట్టె మీద ఐఎస్ఐ గుర్తు, 30 మిల్లీ ఆంపియర్లు అన్న అంకె ఉన్నాయా చూసుకోండి. 100, 300 మిల్లీ ఆంపియర్లవి మనిషిని కాపాడటానికి కావు. ఆర్‌సీసీబీ ఒక్కటే లోడు ఎక్కువైతే పడదు, పక్కన ఎంసీబీ ఉండాలి. రెండు పనులూ ఒకే దానిలో కావాలంటే ఆర్‌సీబీఓ అడగండి.

మా వర్క్‌షాపులో త్రీఫేజు మోటారు ఉంది. ఏమైనా తేడా ఉందా?

ఉంది. 415 వోల్టుల యంత్రం ఒంటికి రెండు వేర్వేరు ఎర్త్ కలుపులు ఉండాలన్నది మన భద్రతా నిబంధన. ఒకే బోల్టుకు రెండు తీగలు చుట్టి లెక్క చూపించడం కాదు. ఒకటి ఊడినా రెండోది నిలవాలి.

## పరీక్షించేటప్పుడు

ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెడితే బ్రహ్మాండంగా వెలిగింది. ఎర్త్ బాగున్నట్టే కదా?

ఆ బల్బు చెప్పేది చాలా తక్కువ. వంద వాట్ల బల్బు నిరోధమే దాదాపు 530 ఓమ్‌లు. ఎర్త్ 35 ఓమ్‌లుంటే బల్బుకు అందే కరెంటు ఆరు శాతమో ఎంతో తగ్గుతుంది, కంటికి తెలియదు. ఎర్త్ 100 ఓమ్‌లున్నా కొంచెం మసకగా, వెలుగుతూనే ఉంటుంది. పైగా అప్పుడు ఎర్త్ తగిలిన ప్రతి లోహమూ 36 వోల్టుల దాకా ఎక్కుతుంది, ఎవరైనా తడి చేతులతో ముట్టుకుంటే వారి గతి ఏమిటి? ఆర్‌సీసీబీ ఉన్న లైనులోనైతే బల్బు వెలగకముందే అది పడిపోతుంది. మూడు మేకుల ఎర్త్ టెస్టర్‌తో కొలిపించి, వచ్చిన అంకెను తేదీతో బోర్డు తలుపు లోపల రాసి పెట్టించండి.

ఎన్ని ఓమ్‌లు వస్తే మంచిది?

లోహం మీద ఉండనివ్వదగ్గ వోల్టేజికి హద్దుగా లెక్కలో తీసుకునే 50 వోల్టులను 30 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 1,666 ఓమ్‌లు వస్తాయి. అంటే కాగితం మీద ఆర్‌సీసీబీకి అంత ఎక్కువైనా సరిపోతుంది. అంత బలహీనమైన ఎర్త్ ఎండలో ఎటు పోతుందో చెప్పలేం కాబట్టి, మే నెలలో కొలిచినా 50 ఓమ్‌లు దాటకుండా చూసుకుంటాను. 1 ఓమ్, 5 ఓమ్‌లు అనే అంకెలు సబ్‌స్టేషన్లకూ పెద్ద ప్యానెళ్లకూ సంబంధించినవి. వాటి కోసం ఇంటి యజమాని అప్పు చేయనక్కర్లేదు.

ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ నొక్కితే పడింది. ఇక నిశ్చింతేనా?

సగం నిశ్చింత. ఆ బటన్ లోపలి చిన్న రెసిస్టర్ గుండా కరెంటు పంపి యంత్రాంగం కదులుతోందా లేదా అన్నదే చూస్తుంది. మీ ఎర్త్ తీగ తెగి ఉన్నా బటన్‌కు అది పడుతుంది. నెలకు ఒకసారి తప్పకుండా నొక్కండి, నొక్కకపోతే లోపలి భాగాలు బిగుసుకుపోతాయి. తీగ అతుకులను మాత్రం ఏడాదికి ఒకసారి విడిగా చూడాలి.

టెస్టర్ షెడ్డుకు ఆనిస్తే సన్నగా వెలుగుతోంది. ప్రమాదమా?

పక్కన పోతున్న తీగల నుంచి చేరే స్వల్ప వోల్టేజికి కూడా నియాన్ టెస్టర్ వెలుగుతుంది, కాబట్టి దాని వెలుగును బట్టి ఎంత ప్రమాదమో తేల్చలేం. అలాగని కొట్టిపారేయకూడదు. బాండింగ్ సరిగా ఉన్న షెడ్డు మీద అది వెలగకూడదు. వెలిగిందంటే షెడ్డుకు ఎర్త్ అందడం లేదన్న అనుమానం గట్టిగా పెట్టుకుని మల్టీమీటరుతో చూపించండి.

## వానాకాలంలో, వాడుతున్నప్పుడు

వాన పడితే చాలు ఆర్‌సీసీబీ పడిపోతోంది. తీసేసి నేరుగా కలిపిస్తానంటున్నారు.

ఒప్పుకోకండి. పడుతోందంటే ఎక్కడో తడి గుండా కరెంటు నేలలోకి జారుతోందని అది మీకు చెబుతోంది. అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీ ఎత్తి, ఒక్కో ఎంసీబీని ఎత్తుతూ పోండి. దేనికి పడితే ఆ లైనులో వెతకాలి. సాధారణంగా దొరికేవి: మూత సరిగా లేని బయటి జంక్షన్ డబ్బా, టేపు చుట్టిన అతుకు, గేటు దీపం, సంపు మోటారు. అన్నీ దించినా పడుతోందంటే ఎక్కడో న్యూట్రల్ ఎర్త్‌కు తగులుతోందేమో చూపించండి. మామూలు ఎంసీబీ ఫేజునే తెంపుతుంది, న్యూట్రల్‌ను కాదు.

షెడ్డు స్తంభానికి బట్టల దండెం కట్టుకోవచ్చా?

ఇనుప తీగ అయితే వద్దు. తడి బట్టలు, తడి చేతులు, వట్టి కాళ్లు, చేతిలో తీగ. పల్లెల్లోనూ పట్నంలోనూ ఎందరో ఆడవాళ్ల ప్రాణాలు ఇలాగే పోయాయి. వార్త చదివిన ప్రతిసారీ ఇరవై రూపాయల నైలాన్ తాడు గుర్తొస్తుంది. ఈ రోజే మార్చండి.

కరెంటు పోతే షెడ్డుకు జనరేటర్ పెడతాం. ఆర్‌సీసీబీ అప్పుడూ పనిచేస్తుందా?

జనరేటర్ న్యూట్రల్‌ను భూమికి కలపకపోతే, జారిన కరెంటు తిరిగి జనరేటర్‌కు చేరే దారి ఉండదు, ఆర్‌సీసీబీకి తేడా తెలియదు. స్థిరంగా పెట్టే జనరేటర్‌కు న్యూట్రల్ ఎర్త్ చేయించండి. లైనుకూ జనరేటర్‌కూ మధ్య మార్పిడి స్విచ్చి రెండు తీగలనూ మార్చేదై ఉండాలి.

ఈ ఎర్త్ పిడుగు నుంచి కూడా కాపాడుతుందా?

లేదు. పిడుగు రక్షణ వేరే ఏర్పాటు. అది ఉంటే దాని ఎర్త్‌ను కూడా మిగతావాటితో కలపాలి.

షెడ్డు ఇప్పుడే షాక్ కొడుతోంది. ముందు ఏం చేయాలి?

షెడ్డును మళ్లీ ముట్టుకుని చూడకండి. ఇంటి లోపలికి వెళ్లి మెయిన్ స్విచ్చి దించండి. మెయిన్ ఆ షెడ్డులోనే ఉంటే లోపలికి వెళ్లవద్దు. 1912కు ఫోను చేసి స్తంభం దగ్గర సరఫరా ఆపించండి. పిల్లల్నీ పశువులనీ దూరంగా తోలండి, తడి నేలంతా ప్రమాదమే అనుకోండి. ఎవరైనా అంటుకుపోయి ఉంటే చేత్తో లాగవద్దు. ముందు కరెంటు ఆపాలి. అది కుదరకపోతే పొడి పలక మీద నిలబడి, పొడి కర్రతో గానీ ప్లాస్టిక్ కుర్చీతో గానీ విడదీయాలి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ మీద రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి, అంబులెన్సు వచ్చేదాకా ఆపవద్దు. మనిషి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లి గుండె పరీక్ష చేయించండి. కారణం దొరికి, సరిచేసి, కొలిచేదాకా మెయిన్ ఎత్తవద్దు.